అక్కకు మూసీ చూపించిన రోజు

నేను పెళ్లయి దిల్‌సుఖ్‌నగర్ వచ్చేనాటికి అక్కడ ఇళ్లకన్నా జామతోటలే ఎక్కువ. ఇప్పుడు ఎల్బీ నగర్ అంటున్న చోట విజయవాడ రోడ్డూ, దానికి రెండు పక్కలా జొన్నచేలూ ఉండేవి. మా ఆయన పొద్దున దవాఖాన పనికి పోతే చీకటి పడ్డాకే రావడం. పిల్లలింకా పుట్టలేదు. ఆదివారం చర్చిలో తప్ప పలకరించే మనిషి లేక పొయ్యితోనూ చీపురుతోనూ మాట్లాడుకునేదాన్ని.

పక్క గదిలోకి గుంటూరు నుంచి ఒక గుమాస్తా కుటుంబం కిరాయికి దిగాక ఆ పీడ వదిలింది. ఆయన భార్యను అక్కా అనేదాన్ని. ఆమెకు నన్ను ఉడికించడం సరదా. చాదర్‌ఘాట్ వంతెన మీద బస్సులోంచి మూసీని చూసొచ్చిన రోజు, "ఏమే పిల్లా, దాన్నా మీరు నది అంటారు? మా ఊళ్లో పంటకాలవ అంతకంటే నయం" అంది.

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. నేను పుట్టింది మూసీ ఒడ్డు పల్లెలోనే మరి.

"గది పట్నం మూసీ అక్కా. వానలు పడ్డంక నాగోలు కాడ సూపిస్త, అప్పుడు మాట్లాడు" అన్నాను.

వానలకు ముందే మా ప్రాంతాన్ని వేరే రాష్ట్రం చేయాలని ఉద్యమం వచ్చింది. బళ్లు మూతపడ్డాయి, బస్సులు ఆగాయి. ఉద్యోగాలు దొరకని మా వైపు కుర్రాళ్ల కోపం నాకు తెలుసు. మా మరిది పగలంతా ఆ ఊరేగింపుల్లో తిరిగి మా ఇంట్లోనే అన్నం తినేవాడు. కానీ గోడల మీద 'వెళ్లిపొండి' అన్న రాత కనబడినప్పుడల్లా నాకు అక్కే గుర్తొచ్చేది. నోరు తెరిస్తే ఏ వైపు మనిషో తెలిసిపోతుందని ఆమె వీధిలో మాట్లాడటం మానేసింది. కూరగాయల బండి దగ్గర ఆమె వేలితో చూపిస్తే నేను బేరమాడేదాన్ని. మెల్లగా మా ఇద్దరి మధ్యా మాటలు తగ్గాయి. గోడకు అటు ఆమె, ఇటు నేను, మళ్లీ ఒంటరివాళ్లమయ్యాం.

ఆ వానాకాలంలో వాళ్లాయన సొంత జిల్లాకు బదిలీ చేయించుకున్నాడు. తెల్లారితే ప్రయాణమనగా నేనే పట్టుబట్టి ఆమెను నాగోలు దాకా నడిపించాను. నా మూసీని ఆమె మెచ్చుకోవాలి, లేదా వెక్కిరించాలి. ఏదో ఒకటి అనకుండా వెళ్లిపోకూడదు. నాకు కావలసింది అంతే.

దారిపొడవునా నేనే వాగాను. ముత్తవ్వ కాలంలో వచ్చిన పెద్ద వరద, అందులో కొట్టుకుపోయిన ఊయలలు, నిజాం రాజు ఒడ్డుకొచ్చి పసుపు కుంకుమ వేసి దండం పెట్టాడన్న కథ. నీళ్లను చెరువులకు మళ్లించడానికి ఏటికి అడ్డంగా రాళ్లతో కట్టిన కత్వలు, వాటి కింద మేం గంపలతో పట్టిన చేపలు, ఒడ్డున ద్రాక్షతోటలు, గడ్డి కోసేవాళ్లు. అన్నీ చెప్పాను. ఎదురుగా ఎవరొచ్చినా ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకునేది.

మేం చేరేసరికి మూసీ ఎర్రటి నీళ్లతో రెండు గట్లూ ఒరుసుకుంటూ పారుతోంది. ఒడ్డున గడ్డి సగం మునిగింది. చుట్టుపక్కల నరమానవుడు లేడు.

"ఎవ్వలు లేరక్కా. ఇప్పుడన్న జెప్పు, ఎట్లున్నది మా మూసీ?"

ఆమె ఒకసారి వెనక్కి తిరిగి చూసుకుంది. తర్వాత తడుముకోకుండా, "మంచిగున్నది చెల్లె" అంది.

అచ్చం మా ఊరి ఆడమనిషి అన్నట్టే అంది. మూసిన తలుపు వెనక ఇన్నాళ్లూ అదే నేర్చుకుందన్నమాట.

"గట్ల గాదక్కా. నీ మాటల్ల జెప్పు" అని బతిమాలాను.

ఆమె నా ముఖంలోకి కాసేపు చూసి తల అడ్డంగా ఊపింది. ఆమె భయపడే మనుషుల్లో నేనూ ఉన్నానని అప్పుడు తెలిసింది.