పీటర్ ఓటు

రియాద్ నుంచి దమ్మామ్ వెళ్లే రైల్లో నా ఎదుటి సీటులో పీటర్ అనే ఇంగ్లండు ఇంజినీరు కూర్చున్నాడు. చాలా ఏళ్లుగా దమ్మామ్‌లోనే ఉద్యోగమట. ఆ ఏడు బ్రిటన్‌లో ఎన్నికలు దగ్గరపడ్డాయి. నేనిచ్చిన చేగోడీలు ఇష్టంగా నములుతూ, బయటి దేశాలవాళ్లను రానివ్వొద్దనే పార్టీ ఒకటి బాగా పుంజుకుంటోందనీ, తన ఓటు దానికేననీ చెప్పాడు.

మా చెల్లెలు బ్రిటన్‌లోనే ఒక ఆసుపత్రిలో నర్సు. అందుకే కాస్త బెంగగా అడిగాను, "గెలుస్తుందంటారా?"

"దేశం సంగతి తెలీదు గానీ మా ఊళ్లో పోటీ గట్టిగా ఉంది. ఒక్క ఓటు కూడా పోగొట్టుకోలేం."

"మీరిక్కడున్నారు కదా, ఓటెలా వేస్తారు?"

"నా తరఫున ఊళ్లో ఉన్న మా ఆవిడ వేస్తుంది. మా చట్టం ఒప్పుకుంటుంది."

నాకు నవ్వాగలేదు. మా గోదావరి వైపు ఒకరి ఓటు ఇంకొకరు వేస్తే దొంగ ఓటంటారనీ, బూత్ దగ్గర ఏజెంట్లు కొట్టుకుంటారనీ చెప్పాను. ఆయనా నవ్వాడు.

"ఆవిడకీ ఆ పార్టీ అంటే ఇష్టమేనా?"

"అబ్బే, దాని పేరు వినబడితే టీవీ కట్టేస్తుంది. మోకాలి ఆపరేషనప్పుడు తనను చూసుకున్న కేరళ నర్సు ఇప్పటికీ మా ఇంటికి భోజనానికొస్తుంది."

"మరి మీ ఓటు ఆవిడ మీరు చెప్పినట్టే వేస్తారా?"

పీటర్ ఇంకో చేగోడీ తీసుకున్నాడు. "ఆ మాట ఇంతవరకూ అడగలేదు" అన్నాడు.

దమ్మామ్‌లో దిగగానే చెల్లెలికి ఫోన్ చేశాను. "మరీ బెంగపడకే, అక్కడ ఒకింట్లో రెండు ఓట్లూ మీ నర్సులకే పడేలా ఉన్నాయి" అన్నాను.