ఓడలో రావాల్సిన జబ్బు

ఆ రోజు సాయంత్రం మా ఆయన సైకిలు తొక్కుకుంటూ కాకుండా నడిపించుకుంటూ ఇంటికొచ్చారు. మిరపకోతల రోజులు. దారి పొడుగునా కల్లాల్లో కాయలు ఆరబోసి ఉన్నాయి, ఆ ఘాటుకి ఊరంతా దగ్గుతోంది. పంక్చరైందేమోనని టైర్లు నొక్కి చూశాను. గట్టిగానే ఉన్నాయి.

"సైకిలుకేం కాలేదు సరళా. కాళ్ళే రావట్లేదు," అని అరుగు మీద కూలబడ్డారు.

బడి నుంచి మా ఇంటికి ఎంతో దూరం లేదు. నలభై దాటని మనిషి. అప్పుడే నాకు ఎక్కడో తేడాగా అనిపించింది.

మాది చిలకలూరిపేట దగ్గర పల్లె. ఆయన హైస్కూల్లో సోషల్ మాస్టారు. బడి వదిలాక తెరచాప ఓడల కథలు రాసేవారు. సముద్రంతో ఆయన పరిచయమంతా సూర్యలంకలో మోకాళ్ళ లోతు దాకా దిగడమే. అయినా ఒక వారపత్రికలో సీరియల్ వచ్చేది. నిజాంపట్నం జాలరి కుర్రాడు నాగన్నని తెల్లవాళ్ళు బలవంతంగా యుద్ధనౌక ఎక్కించడం, వాడు తుఫాన్లూ ఫిరంగులూ దాటుకుంటూ ఓడ నడిపే సరంగు కావడం, ఇదీ కథ. ఊళ్ళో అందరూ ఆయన్ని ఓడ మాస్టారనేవాళ్ళు. నేను మాత్రం ఒక్క వారం కూడా చదవలేదు. ఇంట్లో గ్యాసు అయిపోయిందని ఎన్నిసార్లు చెప్పినా వినిపించని మనిషికి, హిందూ మహాసముద్రంలో గాలి ఎటు తిరిగిందో మాత్రం తెలిసేది. అలాంటాయన రాసింది కూర్చుని చదివే ఓపిక నాకు లేకపోయింది.

జబ్బుకి మూలం అంతకుముందు తొలకరిలో ఉంది. అప్పుడు ఆయనకి పచ్చకామెర్లు వచ్చాయి. మా అత్తయ్య పక్కూళ్ళో పసరు మందు పోసే పెద్దాయన దగ్గరికి తీసుకెళ్ళింది. ఆయన పసరు పోసి పథ్యం చెప్పాడు. పులుపు తగలకూడదు, కారం తగలకూడదు. ఆకుకూరలు వేడి, కాయగూరలు వాతం, పళ్ళు జలుబు. ఇక మిగిలింది మెత్తటి అన్నం, పెసరకట్టు, కాచిన పాలు.

"ఎన్నాళ్ళండీ?" అని నేనే అడిగాను.

"నేను విప్పమన్నప్పుడు విప్పాలమ్మా. తొందరపడితే తిరగబెడుద్ది," అన్నాడు.

మా ఇంట్లో అదొక పట్టింపు. పథ్యం పెట్టినవాడే విప్పాలి, మధ్యలో ఇంకొకరు వేలు పెట్టకూడదు. కామెర్లు తగ్గాయి. అవి చాలామందికి వాటంతటవే తగ్గుతాయని నాకు తర్వాత తెలిసింది. పథ్యం విప్పించుకుందామనుకునేలోపు ఆ పెద్దాయన గుండెనొప్పితో పోయాడు. అత్తయ్య ఆయన కొడుకు దగ్గరికి వెళ్ళింది. అతనికి సెంటర్లో ఎస్టీడీ బూత్ ఉంది. "మా నాన్న విద్య మా నాన్నతోనే పోయింది పెద్దమ్మా. నేను విప్పమన్నాక రేపేదన్నా అయితే ఆ పాపం నాకెందుకు?" అన్నాడట. అంతే, మా ఆయన పథ్యం అలా ఉండిపోయింది. మందిచ్చినవాడు పోయాడు, రోగం పోయింది, పథ్యం మాత్రం పోలేదు.

నేను పోట్లాడకపోలేదు. ఒకరోజు పట్టుబట్టి గోంగూర పచ్చడి కలిపి పెట్టాను. అన్నాళ్ళు చప్పిడి తిన్న కడుపు కదా, వాంతి అయింది. "చూశావా అమ్మాయ్? పెద్దాయన ఊరికే చెప్పాడా?" అంది అత్తయ్య. ఆ తర్వాత మా ఆయనే పథ్యాన్ని గట్టిగా పట్టుకున్నారు. "ఓడల మీదవాళ్ళు ఎండు రొట్టెలు తిని సముద్రాలు దాటారు. నేను పెసరకట్టు తిని బడికి వెళ్ళలేనా?" అని గొప్పగా చెప్పుకునేవారు. ఆ మాట ఇప్పుడు తలుచుకుంటే ఒళ్ళు మండుతుంది.

కాళ్ళు రావట్లేదన్న మర్నాడు మా ఊరి ఆర్ఎంపీ చూసి, "వీక్‌నెస్ మాస్టారూ, అంతే," అని సూది పొడిచాడు. తర్వాత పిక్కల మీద ఒక్కో వెంట్రుక మొదలు దగ్గర ఎర్రటి చుక్క వచ్చింది. దోమలన్నాడు. తర్వాత చిగుళ్ళు ఉబ్బి వంకాయ రంగుకి తిరిగాయి. పళ్ళు తోముకుంటే నోటి నిండా రక్తం. నరసరావుపేటలో పళ్ళ డాక్టరు చూసి, "పయోరియా ముదిరింది. కదిలేవన్నీ తీసెయ్యాలి," అన్నాడు. ముందరి పళ్ళన్నీ పీకేశాడు. తెల్లారినా రక్తం ఆగలేదు. దూది మార్చి మార్చి నా చేతులు నొప్పిపుట్టాయి.

ఆ తర్వాత ఎడమకాలు వాచి కట్టెలా గట్టిపడింది. మోకాలు వంగినది వంగినట్టే ఉండిపోయింది. నేను నిజంగా భయపడింది మాత్రం పొట్ట మీది మచ్చని చూసి. ఆయనకి కాలేజీ రోజుల్లో అపెండిసైటిస్ ఆపరేషన్ అయింది. మా పెళ్ళినాటికే అది తెల్లటి గీత. ఒకరోజు చొక్కా మారుస్తుంటే ఆ గీత ఎర్రబడి, విచ్చుకుని, తడిగా కనబడింది. ఎన్నో ఏళ్ళ కిందట మానిన గాయం మళ్ళీ నోరు తెరవడం నేనెప్పుడూ వినలేదు.

గుంటూరులో ఒక ప్రైవేట్ ఆసుపత్రిలో చేర్చాం. బ్లడ్ టెస్టులు, ఎక్స్‌రే, కాలికి డాప్లర్ స్కాన్, అన్నీ అయ్యాక పెద్ద డాక్టరు నన్ను గదిలోకి పిలిచారు.

"హిమోగ్లోబిన్ బాగా పడిపోయిందమ్మా. ఒంట్లో ఎక్కడపడితే అక్కడ బ్లీడింగ్ ఉంది. లుకీమియా కాదని చెప్పలేను. బోన్ మారో చూడాలి."

"లుకీమియా అంటే ఏంటి సార్?"

"బ్లడ్ క్యాన్సర్."

నాకు ఏడుపు రాలేదు. ఏదో ఒకటి అడగాలి కదా అని, "ఏం పెట్టమంటారు సార్? ఆయన పథ్యంలో ఉన్నారు," అన్నాను.

"మంచిదేనమ్మా. అదే కంటిన్యూ చెయ్యండి," అంటూ ఇంకో ఫైలు తీసుకున్నారు.

గుమ్మం దగ్గర నిలబడి విన్న అత్తయ్య, పెద్ద డాక్టరే తన వైపు ఉన్నట్టు తలాడించింది. ఏం పథ్యమని ఆయన అడగలేదు. బీపీ ఉందా, షుగర్ ఉందా, మీ వాళ్ళలో ఎవరికన్నా క్యాన్సర్ ఉందా అని అందరూ అడిగారు. ఏం తింటున్నాడని ఒక్కరూ అడగలేదు.

నడుం దగ్గర ఎముకలోకి సూది దించి మూలుగ తీశారు. మా ఆయన పెట్టిన కేక బయట వరండాలోకి వినిపించింది. రిపోర్ట్ హైదరాబాదు నుంచి రావాలన్నారు. చస్తాడో బతుకుతాడో చెప్పే కాగితం కోసం ఎదురుచూస్తూ కూర్చున్నాం.

ఒక మధ్యాహ్నం ఆయన వారపత్రిక తెమ్మన్నారు. ఎప్పుడో పంపేసిన భాగాలు అవి, వారం వారం పడుతున్నాయి. పత్రిక పట్టుకునే ఓపిక కూడా ఆయనకి లేదు. "చదివి వినిపించు సరళా. ప్రూఫు తప్పులేమన్నా పోయాయేమో," అన్నారు. బహుశా ఇదే ఆఖరిసారేమోనని చదవడం మొదలుపెట్టాను. ఆయన రాసింది నేను చదవడం అదే మొదటిసారి.

ఓడ గాలిలేక నడిసముద్రంలో నిలిచిపోయింది. నావికులకి ఏదో రోగం పట్టుకుంది. ముందు కాళ్ళు బరువెక్కాయి. చర్మం మీద ఎర్రటి చుక్కలు లేచాయి. చిగుళ్ళు ఉబ్బి పళ్ళు కదిలిపోయాయి. ఒక ముసలి నావికుడికి ఎప్పుడో యుద్ధంలో తగిలి మానిపోయిన కత్తిగాటు మళ్ళీ విచ్చుకుంది.

నేను ఆగిపోయాను.

"ఆపావేం? తప్పు పోయిందా?"

నేను దుప్పటి తీసి ఆయన పొట్ట చూశాను. కాలు చూశాను. "ఏమండీ, వీళ్ళకి ఆ రోగం ఎందుకొచ్చింది?"

మాస్టారు కదా, పాఠం అప్పజెప్పినట్టు చెప్పారు. "స్కర్వీ. నెలల తరబడి ఎండు రొట్టెలూ ఉప్పు మాంసమే. కాయా పండూ లేదు, పులుపు లేదు. విటమిన్ సి లేక..." అక్కడ ఆయన నోరు ఆగింది.

ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. ఆయన నెమ్మదిగా, "అది సముద్రంలో వచ్చేది సరళా," అన్నారు.

నాకప్పుడు వచ్చింది ఏడుపు. ఏడుపు కంటే ఎక్కువ కోపం. ఇన్నాళ్ళూ ఆయన తన రోగాన్ని అంత ముచ్చటగా రాసి, పోస్టు చేసి, ఒళ్ళంతా అదే కనబడుతుంటే గుర్తుపట్టలేదు. ఎక్కడో రెండొందల ఏళ్ళ కిందటి తెల్లవాళ్ళకి వచ్చేదనుకున్నారు.

పరిగెత్తుకుంటూ వెళ్ళి డ్యూటీ డాక్టరుకి చెప్పాను. ఆ అబ్బాయి నవ్వాడు. "ఈ రోజుల్లో స్కర్వీ ఏంటమ్మా? అందులోనూ గుంటూరులో? వీక్లీలు చదివి డయాగ్నోసిస్ చెప్తే ఎలా?"

ఇక ఎవర్నీ అడగలేదు. గేటు బయట సోడాబండి మీద నిమ్మకాయలు గుట్టగా పోసి ఉన్నాయి. పిండించుకుని గ్లాసుతో పైకి వచ్చాను. అత్తయ్య నా చెయ్యి పట్టేసుకుంది.

"పులుపు పోస్తావా? చంపేస్తావా నా కొడుకుని?"

"చచ్చిపోతున్నాడు కదా అత్తయ్యా! ఇంకేం చంపుతాను?" వార్డంతా మా వైపే చూస్తోంది. "పథ్యం పెట్టినాయన రాడు. నేనే విప్పుతున్నాను. పాపం నాదే."

ఆమె చెయ్యి వదలలేదు. చివరికి మా ఆయనే, "అమ్మా, వదులు. తాగుతా," అన్నారు. పళ్ళు లేని చిగుళ్ళకి ఆ పులుపు తగిలి కళ్ళవెంట నీళ్ళు కారాయి. అయినా అడుగు కనబడేదాకా తాగారు. ఆ పూట మళ్ళీ తెచ్చాను. మర్నాడు ఉసిరికాయ పచ్చడి, జామకాయ గుజ్జు, టమాటా చారు, ఏది దొరికితే అది పెట్టాను. రెండుమూడు రోజుల్లో చిగుళ్ళ నుంచి రక్తం ఆగింది. తనంతట తాను లేచి కూర్చున్నారు.

రౌండ్స్‌కి వచ్చిన పెద్ద డాక్టరు నోరు తెరిపించి చూసి నిలబడిపోయారు. "ఇంట్లో ఏం తింటారమ్మా?" అని అప్పుడు అడిగారు. చెప్పాను. విటమిన్ సి టాబ్లెట్లు రాశారు. బోన్ మారోలో క్యాన్సర్ లేదని రిపోర్ట్ వచ్చింది. ఆ తర్వాత ఆ డాక్టరు మా ఆయన చిగుళ్ళకీ కాలికీ ఫొటోలు తీయించుకుని ఏదో డాక్టర్ల మీటింగులో చూపించారట. చాలా అరుదైన కేసు పట్టుకున్నారని అందరూ మెచ్చుకున్నారట. వారపత్రిక సంగతీ సోడాబండి సంగతీ అక్కడ చెప్పారో లేదో నాకు తెలియదు. చెప్పి ఉండరు.

ఇదంతా జరిగి కొన్నేళ్ళయింది. ఆయన బడికి వెళ్తున్నారు. మోకాలు పూర్తిగా చాపుకోలేరు, కర్ర ఉండాలి. కట్టుడు పళ్ళతో పాఠం చెప్తే వెనక బెంచీలవాళ్ళకి సగం మాటలు అర్థం కావు. మా అత్తయ్య ఇప్పటికీ వచ్చినవాళ్ళకి, "పసరు లోపల ఉండబట్టే మావాడు బతికాడు," అని చెప్తుంది. నేను వంటింట్లోకి వెళ్ళిపోతాను.

టీవీలొచ్చి పత్రికలు కొనేవాళ్ళు తగ్గారు. మేం ఆసుపత్రి నుంచి వచ్చేసరికి ఆ వారపత్రిక మూతపడింది. నాగన్న ఓడ గాలిలేని సముద్రంలో అలాగే ఆగిపోయింది. "తర్వాత భాగంలో వాళ్ళకి రేవు దొరుకుతుంది సరళా. పడవలనిండా నిమ్మకాయలు వస్తాయి," అన్నారు ఆయన ఒకసారి. ఆ కాగితాలు ఆ ఆఫీసుతోపాటే పోయాయి. మళ్ళీ రాయమంటే రాయరు. ఓడల ఊసే ఎత్తరు.

ఇది చదివే మీకు నేను చెప్పేది ఒకటే. ఎవరైనా పథ్యం పెడితే, ఎప్పటిదాకా అని అప్పుడే అడగండి, ఫలానా రోజని చెప్పించుకోండి. డాక్టరు దగ్గరికి వెళ్తే, ఆయన అడగకపోయినా, మీవాళ్ళు ఏమేం తినడం మానేశారో మీరే చెప్పండి. ఇంకో ఫైలు తీసుకున్నా సరే, చెప్పి గానీ కుర్చీలోంచి లేవకండి. మా ఆయన్ని అంతమంది చూశారు. ఇంట్లో ఏం వండుతున్నావమ్మా అని మొదట్లోనే ఒక్కరు అడిగి ఉంటే, ఈయన ఇవాళ జామకాయ కొరుక్కుని తినేవారు. నేను గింజలు తీసి, గుజ్జు చేసి, చెంచాతో పెడుతున్నాను.