సున్నా రాసిన చోట

జనగామ నుంచి వచ్చి ఇరవై ఏళ్లుగా భూపాలపల్లి డిగ్రీ కాలేజీలో ఫిజిక్స్ చెబుతున్నాను. విద్యుదయస్కాంతత్వం పాఠమంటే నా సొత్తే అనుకునేవాణ్ని. పోయిన ఏడాది మహబూబాబాద్ నుంచి ఒక మేడం వచ్చింది. నాలుగు నెలలు తిరక్కుండానే రెండో సంవత్సరం పిల్లలు ప్రిన్సిపల్ దగ్గరికి పోయి, ఆ పాఠం ఆమెతో చెప్పించమన్నారు. నాకు ఒళ్లు మండిపోయింది. నిన్నగాక మొన్న వచ్చిన మనిషి!

ప్రిన్సిపల్ ఆమెను ఒక క్లాసు చెప్పమన్నాడు. అది చూశాకే ఆ పిల్లల సెక్షన్ ఎవరికివ్వాలో తేలుస్తానని, నన్ను వెంటబెట్టుకుని వెనక బెంచీలో కూర్చున్నాడు. ఆమె ఎక్కడ తప్పు చెబుతుందా అని నేను కాచుకుని ఉన్నాను.

కాటారం నుంచి బస్సులో వచ్చే అమ్మాయి లేచింది. "మేడం, అయస్కాంతాన్ని ఎన్ని ముక్కలు చేసినా రెండు ధ్రువాలుంటయి గద. ఒక్క ధ్రువమే ఎక్కడా ఉండదా?"

ఆ ప్రశ్న పొద్దున నన్నూ అడిగింది. కూర్చోమన్నాను.

మేడం బోర్డు మీద విద్యుదయస్కాంతత్వపు నాలుగు సమీకరణాలు రాసింది. "విద్యుత్తుకు ఇక్కడ చార్జి రాసినం. అయస్కాంతానికి సున్నా రాసినం. ఎందుకు? ఒంటరి ధ్రువం ఇప్పటిదాక ఎవ్వరికీ దొరకలే గాబట్టి. దొరికితే గీ సున్నా తీసేసి అయస్కాంత చార్జి పెడతం. అది కదిలితే వచ్చే కరెంటును ఇంకో సమీకరణంల పెడతం. చూడుండ్రి, విద్యుత్తు జత, అయస్కాంతం జత ఎట్ల ఒక్కతీరుగ అయితున్నయో! విశ్వంల గసొంటి ధ్రువం ఒక్కటున్నా చాలు, విద్యుత్ చార్జి ఎక్కడ చూసినా ఒకే కొలత ముక్కలుగ ఎందుకు ఉంటదో తెలిసిపోతది."

అబ్బ, ఎంత బాగా చెప్పింది! ఒక్క తప్పు లేదు. నాకెందుకు ఇట్లా చెప్పాలని తోచలేదు? పిల్లలు రెప్ప వేయడం లేదు. ఉండబట్టలేక వెనక నుంచి అనేశాను: "గిది పరీక్షల రాదు."

నా క్లాసులో ఆ మాట వినబడితే పిల్లలు నోటుబుక్కు మూసేయాలి. అదీ అలవాటు. టపటపా అందరూ మూసేశారు. మేడం చాక్‌పీసు బల్ల మీద పెట్టేసింది.

"పిల్లలు మీ మాటే వింటున్నరు సార్. సెక్షన్ మీకే," అన్నాడు ప్రిన్సిపల్.

వారమంతా కూర్చుని ఒంటరి ధ్రువం గురించే చదివాను. ఆమెకన్నా బాగా చెప్పాలి, అంతే. సోమవారం బోర్డు మీద సమీకరణం రాసి, సున్నా దగ్గర ఆగాను. ఎవరూ చెయ్యెత్తలేదు. చివరికి కాటారం అమ్మాయిని నేనే లేపాను.

"ఏం బిడ్డా, ఆనాడు అడిగినవు గద. చెప్పాల్నా?"

"వద్దు సార్," అంది వినయంగా. "మొన్న మేడం దగ్గరికి పోయి అడిగినం. అందరం పోయినం."