బీరువా వెనక డబ్బా

కొన్నేళ్లుగా ఒక సంగతి గొంతులో ముల్లులా పెట్టుకుని తిరుగుతున్నాను. అన్నం తింటున్నాను, పెళ్లిళ్లకు పోతున్నాను, నలుగురిలో నవ్వుతున్నాను. ముల్లు మాత్రం అక్కడే ఉంది. మీరెవరో నాకు తెలియదు. తెలియదు కాబట్టే చెప్పగలుగుతున్నాను.

మాది మంచిర్యాల దగ్గర. మా ఆయనకు బొగ్గుబావిలో కొలువు. ఆయన తమ్ముడు సీను దుబాయిలో ఉంటాడు. సీను భార్య స్వప్న, నా యారాలు, గోడకు అవతలి గదిలో ఉండేది. ఇల్లు ఒకటే, పొయ్యిలు రెండు. ఇంట్లో సెల్ సిగ్నల్ అందదు, వైఫైయే దిక్కు. ఆ వైఫై డబ్బా మాత్రం ఇద్దరికీ ఒకటే. అది నా గదిలో ఉండేది.

పెట్టించిన కొత్తలో స్వప్న గదికి నెట్ సరిగా అందలేదు. బాగుచేయడానికి వచ్చినతను వైర్లు చూశాడు, డబ్బా ఆపి మళ్లీ వేశాడు. చివరికి నా ఇనుప బీరువా వెనక ఉన్న డబ్బాను బయటికి తీసి గోడ అరలో పెట్టాడు. ఇనుము అడ్డముంటే అవతలికి పోదని నాకు చెప్పాడు. మంచికే చెప్పాడు.

ఇక చూడండి. సాయంత్రమైతే స్వప్న ఫోన్‌ను పిండి డబ్బాకు ఆనించి జొన్న రొట్టెలు చేసేది. సీను డ్యూటీ దిగి అక్కడ పళ్లెం ముందు పెట్టుకునేవాడు. ఇద్దరూ కలిసి తినేవారు. గోడకు ఇవతల మా ఆయన నా పక్కనే కూర్చుని, కూరలో ఉప్పు ఎక్కువైందని తప్ప ఇంకో మాట మాట్లాడేవాడు కాదు. అంత దూరం నుంచి ఒక మనిషి పెళ్లాన్ని ఇంకో రొట్టె తినమని బతిమాలుతుంటే, ఇంత దగ్గర కూర్చున్న నాకు ఒళ్లు మండేది. ఓర్వలేకపోయాను. దానికి ఇంకో పేరు పెట్టను.

ఒకరోజు డబ్బాను మళ్లీ బీరువా వెనక పెట్టాను. అంతే. అవతల నవ్వు ఆగింది. వాళ్లు విసిగి ఫోన్ పెట్టేశాక డబ్బాను తిరిగి అరలోకి తెచ్చాను. భయం వేయలేదా? వేసింది. మర్నాడు ఆగానా? ఆగలేదు.

స్వప్న ఆ నెట్ బాగుచేసే అతన్నే మళ్లీ పిలిపించింది. అతను వచ్చేసరికి డబ్బా అరలోనే ఉంది. లైను బాగుందని, ఫోన్‌లో లోపం ఉండొచ్చని చెప్పి పోయాడు. సీను కొత్త ఫోన్ పంపాడు. సాయంత్రం కాగానే అదీ ఆగిపోయేది. లైను మంచిదే, ఫోన్ కొత్తదే. ఇక అనుమానించడానికి మిగిలింది ఎవరు? ఎక్కడో ఒంటరిగా ఉన్న మగవాడు ఆ లెక్క ఎటు తిప్పుతాడో నాకు తెలియదా? తెలుసు. ముక్కలు ముక్కలుగా వచ్చే మాటల్లో కూడా అతని గొంతు మారడం గోడకు ఇవతల నాకు వినబడుతూనే ఉంది. అయినా నా చెయ్యి ఆగలేదు.

ఒక సాయంత్రం స్వప్న ఫోన్ పట్టుకుని నా గదిలోకి వచ్చింది. ఏడ్చి ఏడ్చి ముఖం ఉబ్బిపోయింది.

"అక్కా, నువ్వన్న చెప్పు. నెట్ వస్తలేదని చెప్పు. నేనే కట్ చేస్తున్ననట, గదిల ఎవలో ఉన్నరట. నా మాట నమ్ముతలేడు."

డబ్బా నా గదిలోనే ఉంది కాబట్టి, ఇక్కడ ఫోన్‌లో సీను ముఖం స్పష్టంగా కనబడుతోంది.

"వదినె, నువ్వు అబద్ధమాడవు. మీకు నెట్ మంచిగ వస్తుందా, లేదా? అదొక్కటి చెప్పు."

నా వీపు బీరువాకు ఆనుకుని ఉంది.

"మాకైతే మంచిగనే వస్తుంది, సీను" అన్నాను.

స్వప్న నన్ను తిట్టలేదు. అనుమానించలేదు కూడా. తన ఖర్మ అనుకుని ఫోన్ తీసుకుని వెళ్లిపోయింది.

ఎందుకన్నాను ఆ మాట? చేసింది బయటపడుతుందన్న భయమా, లేక అప్పటికీ ఆమె మీద మంట చల్లారలేదా? ఎన్నిసార్లు లోపల తవ్వుకున్నా రెండూ కనబడతాయి, ఏది ముందో తేలదు. సీను ఆమెను ఇచ్చోడలోని తల్లిగారింటికి పంపించేశాడు. ఆ తర్వాత సెలవు మీద కూడా రాలేదు. ఫోన్ మాత్రం మాకు చేస్తాడు. డబ్బా అరలోంచి నేను కదపలేదు. ఒకసారి తనే అన్నాడు: "చూసినవా వదినె, ఆమె పోయినప్పటిసంది ఒక్కసారన్న ఆగిందా?"

నేను తల ఊపాను.

వచ్చే నెల అతను వస్తున్నాడు. పెద్దమనుషులను కూర్చోబెట్టి తెగదెంపులు చేసుకుంటాడట. నన్ను సాక్ష్యం చెప్పమన్నాడు. సరేనన్నాను. ఆ రోజు నా నోటి వెంట ఏ మాట వస్తుందో తలుచుకుంటే నాకే భయమేస్తోంది. నన్ను క్షమించమని మిమ్మల్ని అడగను, అది మీ చేతిలో లేదు. స్వప్న ఏ తప్పూ చేయలేదు. ఈ ఒక్క వాక్యం రాసినందుకే కాస్త ఊపిరి ఆడుతోంది.

సాయంత్రమవుతోంది, సీను ఫోన్ చేసే వేళ. గోడ అవతలి గదిలో ఎవరూ లేరు. అప్పుడు కూడా ఆమె తప్ప ఎవరూ లేరు.