పొయ్యి మట్టి ఆరేదాకా

మొన్న ముసురు పట్టి సూర్యాపేటలో మా వీధికి పొద్దుటి నుంచి కరెంటు లేదు, అదను చూసుకుని గ్యాస్ బండ కూడా అదే రోజు ఖాళీ అయింది, ఇండక్షన్ పొయ్యి పరీక్ష తప్పిన పిల్లాడి పలకలా నల్లగా పడుంది. మా ఆవిడ నిమ్మళంగా అటుకులు నానబెట్టుకుంది గానీ నాకు ఒకచోట కాలు నిలవలేదు. రిటైరైన సైన్సు టీచరుకు ఏదో ఒకటి చేయకపోతే తోచదు కదా. పాత రంగు డబ్బా ఒకటి మేడ మీద ఉన్నట్టు గుర్తొచ్చి మెట్లెక్కాను. ఖాళీ డబ్బాకూ నాకూ మొదటి నుంచీ చుట్టరికం.

"మల్ల పొయ్యేనా? ఈసారన్న మాటు పెట్టియ్యకు," అని కింది నుంచి ఆవిడ కేక.

మాటు అంటే ఏమిటో మన ఈడు వాళ్లకు చెప్పనక్కర్లేదు, చిల్లిపడ్డ గిన్నెలకు లోహం కరిగించి అతుకు వేసేవాళ్లు వీధి వీధీ తిరిగిన కాలం మనది. ఆ కేక వినగానే నేను మెట్ల మీదే నలభై ఏళ్లు వెనక్కి జారాను.

అప్పుడు మిర్యాలగూడలో నా కొత్త ఉద్యోగం, కొత్త కాపురం, రైసు మిల్లు వెనక కిరాయి గది. గ్యాసు కోసం పేరు రాయించి మరిచిపోవడమే. కిరసనాయిలు నెల సగానికి వచ్చేసరికి అయిపోయేది, ఆ వానాకాలం అసలే దొరకలేదు. తడి కట్టెల పొగకు మా ఆవిడ దగ్గి దగ్గి, ఐదో నెల పొట్ట పట్టుకుని వాకిట్లోకి వచ్చి నిలబడేది. ఎవరు చూశారో, ఆ సంగతి గరిడేపల్లి దగ్గర వాళ్ల ఊరికి చేరింది. గొర్లు కాసే మా మామ, ఆదివారం వచ్చి బిడ్డను తీసుకుపోతానని కబురు పెట్టాడు. ఇప్పుడు వెళ్తే కాన్పయి తిరిగొచ్చేసరికి ఏడాది దాటుతుంది. ఆమెకు వెళ్లాలని లేదు, నాకు పంపాలని అంతకన్నా లేదు. ఆదివారంలోగా పొగరాని పొయ్యి చేస్తాను, దాని మీదే మీ నాన్నకు అన్నం వండిపెడదువు, ఆ తర్వాత ఎలా తీసుకుపోతాడో చూద్దాం అని ఆమెకు మాటిచ్చాను. పొగ రాకుండా ఉండొచ్చు గానీ నా పొగరు మాత్రం అప్పుడే బయటికి వచ్చింది.

ఆ వారమంతా బడిలో నేనేం చెప్పానో నాకే తెలియదు, నల్లబల్ల మీద గుండె బొమ్మ వేయబోతే పొయ్యి బొమ్మ వచ్చింది. పదిహేను కిలోల నూనె డబ్బా నిలువుగా పెట్టి, దాని లోపల రేకు గొట్టం దించి, కిందివైపు పుల్లలు దూర్చే అడ్డగొట్టం కలపాలి. మంట మొత్తం గొట్టంలోంచి పైకి లేస్తుంది, పొగ అందులోనే కాలిపోతుంది. రెండు గొట్టాలూ కలిసేచోట మాటు పెట్టించాను. శనివారం పరీక్షించి చూస్తే గ్లాసుడు నీళ్లు చిటికెలో మరిగాయి. ఇద్దరం టీ తాగి, గెలిచినట్టే అనుకున్నాం.

ఆదివారం మామ భుజాన గొంగడితో వచ్చి, గడపలోకి రాకుండానే, "సదురుకో బిడ్డా, నాలుగ్గంటల బస్సున్నది," అన్నాడు. భోంచేసి వెళ్లమని బతిమాలి వాకిట్లో పొయ్యి ముట్టించాను. పొగ లేదు. మామ ముఖంలో ఆశ్చర్యం చూసి నేను ఎసరుకన్నా ముందు పొంగిపోయాను. కానీ టీకి పట్టే సమయం వేరు, అన్నానికి పట్టే సమయం వేరు. బియ్యం సగం ఉడికేసరికి మాటు వెండి చుక్కల్లా కరిగి బొట్టు బొట్టుగా రాలింది, గొట్టం జారింది, గిన్నె ఒరిగింది, గంజి మొత్తం మంట మీద పోసుకుని పొయ్యి బుస్సుమంది. సీసం, తగరం కలిస్తే కొద్ది వేడికే కరుగుతుందని ఆ ఏడాదే పిల్లల చేత పదిసార్లు వల్లె వేయించిన మహానుభావుణ్ని నేనే. మాటూ నిలవలేదు, మాటా నిలవలేదు.

"అన్నం ఉడుకుతదనుకుంటే పొయ్యే ఉడికె గదా అల్లుడా!" అని మామ పడీపడీ నవ్వాడు. మా ఆవిడ నవ్వలేదు, లోపలికి వెళ్లి సంచీ తీసింది. ఆ సంచీ చప్పుడు నాకిప్పటికీ వినబడుతుంది.

మామకూ వినబడినట్టుంది. నవ్వు ఆపి, డబ్బాను అటూ ఇటూ తిప్పి చూసి, సాగరు కాలువ గట్టుకు వెళ్లి మన్ను తెచ్చాడు. మిల్లు నుంచి నన్ను ఊక తెమ్మని, రెండూ కలిపి కాళ్లతో తొక్కి, గొట్టం చుట్టూ డబ్బా నిండా కూరాడు. ఊక కాలిపోయి మట్టిలో సన్నని గుల్లలు మిగులుతాయి, అవే వేడిని పట్టి ఉంచుతాయి. నాకు కారణం తెలుసు, ఆయనకు పని తెలుసు.

"మూడొద్దులు నీడల ఆరాలె. నేను వోతే నువ్వు ఆగవు, ఎండల వెడ్తవు, పగుల్తది," అని గొంగడి పరుచుకుని కూర్చున్నాడు. నాలుగ్గంటల బస్సు వెళ్లిపోయింది. ఆ మూడు రోజులూ మిల్లులో పనిచేసే ఒకాయన ఇంటి నుంచి వచ్చిన అన్నం గిన్నెలతో గడిపాం. నేను గడియకోసారి తడి చూడబోవడం, ఆయన నా చేతి మీద ఒక్కటి వేసి, "ఆగరాదు జర!" అనడం. తండ్రీ కూతుళ్లు వాకిట్లో కూర్చుని గొర్ల ముచ్చట్లు, ఊరి ముచ్చట్లు తీరుబడిగా చెప్పుకున్నారు. నాలుగో రోజు అన్నం పలుకు విడిచి ఉడికింది. మామ తిని, చెయ్యి కడుక్కుని, "ఏడో నెలల వస్త తియ్ బిడ్డా," అని ఒక్కడే బస్సెక్కాడు. మట్టి మీద ఆయన బొటనవేలి ముద్ర మంటకు కాలి గట్టిపడింది, పొయ్యి పాత సామాన్లవాడికి పోయేదాకా అలాగే ఉంది.

మొన్న రంగు డబ్బాలో నేను మట్టి కూరడం అయ్యేసరికి కోదాడ నుంచి అమ్మాయి కారేసుకుని వచ్చింది. అప్పుడు పొట్టలో ఉన్నది తనే. "ఏంటి నాన్నా ఈ మట్టి పని? కరెంటు వచ్చేదాకా ఇద్దరూ మా ఇంటికి వచ్చేయండి," అంది. పొయ్యి ఆరడానికి మూడు రోజులు పడుతుందమ్మా, అందాకా నువ్వే ఉండరాదూ అన్నాను. నవ్వింది. గంటలో కరెంటు వచ్చింది, ఆ వెనకే గ్యాస్ బండ కూడా వచ్చింది. ఇంకేం ఇబ్బంది లేదుగా అని అమ్మాయి టీ తాగి వెళ్లిపోయింది. దాని తప్పేం లేదు, ఈ రోజుల్లో ఇబ్బంది కూడా మనుషుల్ని ఒక పూట ఆపేంతసేపు ఉండటం లేదు.

సాయంత్రం మేడ మీది రేకుల కిందికెళ్లి పొయ్యి తడి చూశాను. మళ్లీ చూశాను. పొయ్యి నిండా నా వేలి గుంటలే, చేతి మీద ఒక్కటి వేసేవాళ్లు ఎవరూ లేరు.