ఎర్ర పట్టా

బెలూన్లలో పైకి తీసుకెళ్ళి పారాచూట్‌తో దూకించే కార్యక్రమాలు ఏర్పాటు చేయడం నా పని. రెండేళ్ళ క్రితం మార్చిలో గుంటూరు దగ్గర ఓ బీడులో మొదటిసారి పెట్టాం. దూకేది మా శిక్షకురాలు శిరీష. దిగాల్సిన చోట గుర్తుగా నేనే ఎర్ర పట్టా పరిచి, "ఎర్రగా కనిపించిన చోట దిగమ్మా" అన్నాను.

దూకింది. పారాచూట్ విచ్చుకుంది. జనం చప్పట్లు కొడుతుండగానే మమ్మల్ని దాటిపోయి, పక్క కళ్ళంలో ఎండబోసిన మిరపకాయల మీద దిగింది. నేను పరిగెత్తుకెళ్ళేసరికి కళ్ళు మండి, తుమ్ముతూ కూర్చుని ఉంది.

"ఇంత నేల ఉండగా నా కాయల మీదే పడాలా తల్లీ?" అంటూనే రైతు బిందెతో నీళ్ళు తెచ్చాడు.

"ఆడపిల్ల కదండీ, బెదిరిపోయింది" అన్నారెవరో. నేను నోరు విప్పలేదు. ఆ మాట పాకి, ఆమెను దూకడానికి పిలిచేవాళ్ళే లేకుండా పోయారు.

ఆమె బెదరలేదు. మిరప కోతలప్పుడు పైనుంచి చూస్తే ప్రతి కళ్ళమూ ఎర్ర పట్టానే. మిరప రైతు కొడుకునై ఉండీ నాకది తట్టలేదు.

"ఇప్పుడిదంతా రాస్తే వ్యాపారం దెబ్బతింటుంది" అంటున్నారు మావాళ్ళు. తిననివ్వండి. వచ్చే నెల మళ్ళీ దూకేది శిరీషే. తెల్ల పట్టా పరుస్తానంటే, "పత్తి కుప్పలున్నాయి సార్" అంది. నీలం పట్టా కొన్నాను. ఈసారి గురి తప్పితే ముందు నన్నడగండి.