చీనీతోట అక్క కారుకు కార్బురేటర్

2022 వేసవి. ప్రొద్దుటూరులో మా మామ మెకానిక్ షెడ్డులో నేను పనికి చేరి అప్పటికి నాలుగేళ్లు. టెన్త్ తర్వాత చదువు మానేసి, కుట్టుమిషన్ దగ్గర కూర్చోలేక ఇంజిన్ల దగ్గరికి వచ్చినదాన్ని. ఎన్ని బండ్లు విప్పానో గుర్తు లేదు కానీ, పులివెందుల నుంచి తాడు కట్టి లాక్కొచ్చిన ఆ తెల్ల అంబాసిడర్‌ను తలుచుకుంటే ఇప్పటికీ చేతులు ఊరుకోవు.

కారు సావిత్రమ్మక్కది. ఆమెకు చీనీ తోట ఉంది, మా వైపు బత్తాయిని చీనీ అంటాం. తోటకూ మార్కెట్‌కూ కారును తానే నడుపుకుంటూ తిరిగేది. అంతకుముందటి వానల్లో నెల రోజులు కొట్టంలో నిలబెడితే ఎలుకలు వైర్లు కొరికేశాయి, ఈసీయూలోకి నీళ్లు దిగాయి. ఈసీయూ అంటే, ఎంత పెట్రోలు చిమ్మాలో ఇన్‌జెక్టర్లకు చెప్పే కంప్యూటర్ పెట్టె. ఆ పాత బండికి అలాంటిది ఎక్కడ వెతికినా దొరకలేదు.

"మా మరిది తుక్కు కొనేవాళ్లకు మాట ఇచ్చేసినాడు. ఆదివారం వచ్చి తీసకపోతారంట," అంది అక్క. "కారు పోతే, తోటకు పోవాలన్నా వాని బైకు వెనకాల కూచోవాల. వానికి తీరినప్పుడే నా చెట్లకు నీళ్లు."

మామ తల అడ్డంగా ఊపాడు. నాకేమో నోరు ఆగదు. "కార్బురేటర్‌కు మార్చేద్దాం మామా. పెట్టెతో పనే ఉండదు."

"నోటితో చెప్పినంత సులభమా అమ్మీ. పని కాకపోతే ఆ యమ్మకు నువ్వే జవాబు చెప్పల్ల."

జమ్మలమడుగులో ఇదే ఇంజిన్ పాత రకం ఒకటి, కార్బురేటర్ ఉన్నది, దొరికింది. కార్బురేటర్ ఇంజిన్ పీల్చే గాలిలోనే పెట్రోలు కలిపేస్తుంది, దానికి కంప్యూటర్ అక్కర్లేదు. దాన్నీ, దాని కింద ఉండి ఆ గాలిని ఇంజిన్‌లోకి పంచే గొట్టాల మానిఫోల్డునూ తెచ్చాను. నిప్పురవ్వకు కూడా ఈసీయూనే ఆజ్ఞ ఇచ్చేది కాబట్టి, ఆ పని చేసే డిస్ట్రిబ్యూటర్ కూడా విప్పుకొచ్చాను. మూడు రోజులు అన్నం తిన్నది కూడా గుర్తు లేదు, అంత సంబరం.

శనివారం పొద్దున తాళం తిప్పాను. ఇంజిన్ రెండు సార్లు దగ్గి ఆగిపోయింది. చూస్తే కార్బురేటర్ పైనుంచి పెట్రోలు పొంగి కారుతోంది. గబగబా బ్యాటరీ వైరు పీకేశాను. కార్బురేటర్‌లో ఫ్లోట్ ఉంటుంది, మిద్దె మీద నీళ్ల ట్యాంకులో బంతిలాగా. నిండగానే దారి మూయాలి. అది సరిగ్గా లేదేమోనని విప్పి బిగించాను. మళ్లీ పొంగింది. మూడోసారీ అంతే.

దూరంగా కుర్చీలో కూర్చోబెట్టిన అక్క లేచి వచ్చి, వంగి చూసింది. "పాపా, పెట్రోలు తోసే మోటరు యాడుంది?"

"ట్యాంకులో అక్కా. పాతదే ఉంచినా."

"అది శానా గట్టిగా తోస్తాందేమో. మా తోటలో డ్రిప్ ఏసిన కొత్తల్లో, బోరు ఆన్ చేస్తే పైపులు ఎగిరిపోతాండె. బైపాస్ పెట్టి, ఎక్కువైన నీళ్లు మళ్లా తొట్టిలోకే తిప్పినాం. అప్పుడు కుదురుకునె. దీనికి అట్లాంటిది లేదా?"

ఉండేది. ఇన్‌జెక్షన్ బండికి మిగిలిన పెట్రోలు వెనక్కి పోయే రిటర్న్ పైపు ఉంటుంది. ఇక పనికిరాదని నేనే దానికి బోల్టు కొట్టి మూసేశాను. పైగా ఆ పంపు ఇన్‌జెక్టర్ల కోసం చేసింది. ఆ ఒత్తిడిలో పదో వంతుకు మించి కార్బురేటర్ తట్టుకోలేదు. బంతి ఏం చేస్తుంది పాపం.

"ఏమమ్మీ, ఇంజినీరు ఎవరు ఈడ?" అన్నాడు మామ. నేను అప్పటికే స్కూటీ ఎక్కి స్పేర్ల అంగడికి పోతున్నాను.

తక్కువ ఒత్తిడి పంపు బిగించి, బోల్టు పీకి, రిటర్న్ పైపు తెరిచాను. మధ్యాహ్నం అక్క చేతికే తాళం ఇచ్చాను. రెండో తిప్పుకే ఇంజిన్ అందుకుంది. స్క్రూ కొంచెం కొంచెం తిప్పి గాలీ పెట్రోలూ సరిచేస్తుంటే వణుకు తగ్గి, సన్నగా, ఒకే రాగంలో పలికింది. నేను మామ భుజం మీద ఎంత గట్టిగా కొట్టానంటే ఆయన చేతిలో టీ ఒలికిపోయింది.

"ఇంగ మరిదికి ఏం చెప్తావమ్మా?" అన్నాడు మామ చెయ్యి తుడుచుకుంటూ.

"చెప్పేదేముందన్నా. ఆయప్ప ఇంటి ముందర హారన్ కొట్టుకుంటా పోతా."

ఆదివారం అక్క తోటలోంచి ఫోన్ చేసింది. తుక్కువాళ్లు వచ్చి ఉత్త బండితో తిరిగిపోయారట.

అంతవరకూ బండి తెచ్చినవాళ్లను దూరంగా కుర్చీలో కూర్చోబెట్టేదాన్ని. ఇప్పుడు బానెట్ ఎత్తే ముందే పక్కన నిలబెట్టుకుని, మీరు ఏం పని చేస్తారని అడుగుతాను. నాకు రాని సంగతి వాళ్ల పనిలో ఉండొచ్చు.